ఒకటి, మూడు, మూడు, ఒకటి: తెలుగు నేలలో ద్విపది ఘనం

రెండు పదాలున్న బీజగణిత రాశి ద్విపది. దాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చేది ద్విపది ఘనం. పదాలను గ, ల అనుకుంటే (గ + ల)³ = గ³ + 3గ²ల + 3గల² + ల³. తొమ్మిదో తరగతి గణితంలోని సర్వసమీకరణాల్లో ఇదొకటి. తొందరలో గ³ + ల³ అని రాసేసి మధ్య పదాలు రెండింటినీ వదిలెయ్యడం పిల్లలు తరచుగా చేసే పొరపాటు. నిజానికి ఈ సూత్రంలో అసలు విషయమంతా ఆ మధ్య పదాల్లోనే ఉంది. తెలుగు నేలలో వాటికి వెయ్యేళ్లకు తగ్గని చరిత్ర ఉంది. ఆ చరిత్ర సగం లెక్కల పుస్తకాల్లో ఉంటే మిగతా సగం పద్యాల లక్షణ గ్రంథాల్లో ఉంది.

సూత్రాన్ని కళ్లతో చూడాలంటే హైదరాబాదు పడమటి వైపున్న మణికొండలో కడుతున్న ఏ అపార్ట్‌మెంట్ సైటుకు వెళ్లినా చాలు. శ్లాబు పోసే రోజున ఆ కాంక్రీటునే కొంత ఇనుప అచ్చుల్లో నింపి, మర్నాడు అచ్చు విప్పి, నీళ్లలో నానబెడతారు. వాటిని సైటులో అందరూ క్యూబులు అనే అంటారు. ఒక్కో క్యూబు భుజం 15 సెంటీమీటర్లు. ఏడో రోజున, ఇరవై ఎనిమిదో రోజున వాటిని ల్యాబులో యంత్రం కింద పెట్టి పగలగొట్టి బలం చూస్తారు. ఆ క్యూబు భుజాన్ని 10, 5గా విడదీసి, మూడు దిక్కులా అదే గీత మీద కోశారనుకుందాం. ఎనిమిది ముక్కలు వస్తాయి. భుజం 10 ఉన్న పెద్ద ఘనం ఒకటి, దాని పరిమాణం 1000. పది పొడవు, పది వెడల్పు, అయిదు మందం ఉన్న పలకలు మూడు, మొత్తం 1500. పది పొడవుతో అయిదు బై అయిదు కడ్డీలు మూడు, మొత్తం 750. మూలన మిగిలేది భుజం 5 ఉన్న చిన్న ఘనం, 125. అన్నీ కూడితే 3375 ఘనపు సెంటీమీటర్లు. మధ్య పదాలు వదిలేసిన పిల్లవాడి లెక్కలో 1125 మాత్రమే వస్తుంది. అంటే క్యూబులో మూడింట రెండు వంతులు మాయమైనట్టే.

ఈ నాలుగు పదాలూ ఒకే బరువువి కావు. అచ్చు ఒక మిల్లీమీటరు పెద్దదై భుజం 15.1 సెంటీమీటర్లకు పెరిగితే, పెరిగే పరిమాణంలో 3గ²ల వాటా 67.5, 3గల² వాటా 0.45, ల³ వాటా 0.001. చిన్న మార్పు జరిగినప్పుడు దాదాపు పెరుగుదలంతా ఒక్క పదమే మోస్తుంది. కలన గణితంలో ఘనానికి అవకలజం మూడు రెట్ల వర్గమని చెప్పేది ఈ సంగతినే.

భారతదేశంలో ఈ విస్తరణ మొదట కనబడేది ఘనమూలం తీసే పద్ధతిలో. ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో ఘనమూలానికి ఒక్క శ్లోకంలో నియమం చెప్పాడు. సంఖ్యను కుడి నుంచి మూడేసి స్థానాలుగా విడదీసి, ముందు భాగంలో ఇమిడే ఘనాన్ని తీసెయ్యాలి. తర్వాతి స్థానాన్ని దింపుకుని, వచ్చిన మూలపు వర్గానికి మూడు రెట్లతో భాగించాలి. ఆ తర్వాత లబ్ధపు వర్గాన్ని మూలంతోనూ మూడుతోనూ గుణించి తీసెయ్యాలి. చివరికి లబ్ధపు ఘనాన్ని తీసెయ్యాలి. 3375తో చేసి చూస్తే మొదటి భాగం 3లోంచి 1 పోగా 2 మిగులుతుంది. 3ని దింపితే 23. భాజకం 3, లబ్ధం 5 తీసుకుంటే 15 పోయి 8. తర్వాత 87లోంచి 75 పోయి 12, ఆపైన 125లోంచి 125 పోయి సున్న. మూలం 15. లబ్ధం ఏడు కూడా పట్టేలా కనిపిస్తున్న చోట అయిదే ఎందుకు తీసుకోవాలో తర్వాతి రెండు తీసివేతలు చెబుతాయి. పైన క్యూబును కోసిన క్రమమే ఇది. మొదట పెద్ద ఘనం, ఆపైన పలకలు, కడ్డీలు, చివరికి మూల ఘనం. సూత్రాన్ని అక్షరాలతో రాయకపోయినా దాన్ని పూర్తిగా అర్థం చేసుకున్నవాడు మాత్రమే ఇలాంటి పద్ధతి చెప్పగలడు.

628లో బ్రహ్మగుప్తుడు ఘనం కట్టే దారిని కూడా ఇలాగే స్థానాల వారీగా చెప్పాడు. 15కి 1, 15, 75, 125 అనే నాలుగు సంఖ్యలను ఒక్కో స్థానం జరుపుతూ కిందకి కిందకి వేసి కూడితే 3375 వస్తుంది. పలక మీద దుమ్ము పరిచి పుల్లతో రాసి తుడిచే రోజుల్లో ఇది చాలా అనువైన పద్ధతి.

తెలుగువారికి ఈ విద్య చేరిన దారి రాష్ట్రకూటుల మీదుగా వచ్చింది. అమోఘవర్ష నృపతుంగుడి పాలనలో, 850 ప్రాంతంలో, జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అంతకుముందు గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాల్లో ఒక అధ్యాయంగా ఉండేది. మహావీరుడు జ్యోతిషాన్ని పక్కన పెట్టి, అచ్చంగా లెక్కలకే ఒక పుస్తకం కేటాయించాడు. ఘనం దగ్గర ఆయనకు తనివి తీరలేదు. రెండు భాగాల ఘనాలకు, ఒక్కోదాని వర్గాన్ని రెండోదానితో గుణించగా వచ్చినవాటి మూడేసి రెట్లు కలిపే మామూలు నియమం చెప్పి ఊరుకోకుండా ఇంకెన్నో దారులు చూపించాడు. ఒకదాని ప్రకారం 15ని, దానికి 5 కలిపిన 20నీ, 5 తీసిన 10నీ గుణిస్తే 3000. దానికి 5 వర్గాన్ని 10తో గుణించిన 250, 5 ఘనం 125 కలిపితే మళ్లీ 3375. ఇంకొక దారి మరీ అందమైనది. 5 ఘనం కావాలంటే ఒకటి నుంచి అయిదు దాకా ప్రతి సంఖ్యనూ దాని ముందు సంఖ్యతో గుణించి (0, 2, 6, 12, 20) కూడి, వచ్చిన 40ని మూడు రెట్లు చేసి, 5 కలపాలి. 125 వస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు ఘనాల తేడా ఎంతో ద్విపది విస్తరణ చెబుతుంది. ఆ తేడాలన్నిటినీ పోగుచేస్తే ఈ నియమం.

శతాబ్దాల పాటు దక్షిణాదిలో చదువుకున్న ఈ పుస్తకం తాళపత్రాల్లో ఉండిపోయి, 1912లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు ఎం. రంగాచార్య పరిష్కరించి ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేసిన తర్వాతే బయటి ప్రపంచానికి తెలిసింది. తెలుగువారికి మాత్రం అది అప్పటికే ఎనిమిది వందల ఏళ్లుగా సొంత భాషలో ఉంది.

దాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. ఆయన పుస్తకం పేరు సారసంగ్రహ గణితము. జనం నోట అది పావులూరి గణితమే. పిఠాపురం దగ్గరి నవఖండవాడ అగ్రహారాన్ని రాజరాజ నరేంద్రుడి నుంచి పొందినది ఈ మల్లనేనా, అదే పేరున్న ఆయన తాతా అన్నదాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మొదటిదైతే ఆయన నన్నయకు సమకాలికుడు, అంటే 11వ శతాబ్దివాడు. రెండోదైతే 12వ శతాబ్ది ఆరంభానికి చెందుతాడు. ఎలా చూసినా తెలుగులో కావ్యం పుట్టిన తరాల్లోనే లెక్కల పుస్తకం కూడా పుట్టింది. ఆదికవిని తలుచుకునే సందర్భాల్లో మల్లన పేరు వినపడకపోవడం పెద్ద లోటు.

మల్లన మక్కికి మక్కి అనువాదకుడు కాదు. శైవుడు కాబట్టి మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శివుణ్ణి తెచ్చాడు. మహావీరుడు ఘనానికీ వర్గానికీ ఇచ్చిన పద్ధతుల సంఖ్యను బాగా తగ్గించి, వాడుకకు సరిపోయేవాటిని నిలుపుకున్నాడు. తగ్గించిన చోట ఉదాహరణలు పెంచాడు. మహావీరుడికి హారంలా అందంగా వచ్చే లబ్ధాలంటే ఇష్టం. 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు, 11111111, వరసగా వస్తాయి. మల్లన ఇలాంటి లెక్కలు ఇంకా కొన్ని తన తరఫున చేర్చాడు. చదరంగపు గళ్లలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్లకూ కలిపి వచ్చే 18446744073709551615 అనే ఇరవై అంకెల సంఖ్యను ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. అంకెల బదులు వాటిని సూచించే మాటలు, అంటే ఒకటికి చంద్రుడు, నాలుగుకు వేదాలు, అయిదుకు బాణాలు, ఏడుకు కొండలు, వాడే పద్ధతి వల్లే అది సాధ్యమైంది. ఇలా పద్యంలో బిగించిన సంఖ్య నకలు రాసేవాడి చేతిలో అంత సులభంగా చెడదు. గణం తప్పితే వెంటనే తెలిసిపోతుంది. తర్వాతి కాలంలో భాస్కరాచార్యుడి లీలావతిని ఎలుగంటి పెద్దన ప్రకీర్ణ గణితంగా తెలుగు చేసినప్పుడు కూడా ఆ మార్గమే నడిచింది.

లెక్కల పుస్తకాన్ని పద్యంలో రాసినవాళ్లకు పద్యంలోనే ఉన్న లెక్క కూడా బాగా తెలుసు. ద్విపది ఘనం తెలుగువాడికి మొదట తగిలేది అక్కడే. ఛందస్సులో అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది. మూడూ గురువులైతే మగణం, అది ఒక్కటే. రెండు గురువులు, ఒక లఘువు ఉన్నవి యగణం, రగణం, తగణం, మూడు. ఒక గురువు, రెండు లఘువులు ఉన్నవి భగణం, జగణం, సగణం, అవీ మూడే. మూడూ లఘువులైతే నగణం, మళ్లీ ఒక్కటే. ఒకటి, మూడు, మూడు, ఒకటి. గురువుకు గ, లఘువుకు ల అని లాక్షణికులు వాడే గుర్తులనే తీసుకుంటే, ఈ వ్యాసం మొదట్లో రాసిన సూత్రం అక్షరం మారకుండా గణాల పట్టిక అవుతుంది. గ²ల ముందు 3 ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. ఒక్క లఘువు మొదట ఉంటే యగణం, మధ్యన ఉంటే రగణం, చివర ఉంటే తగణం. లఘువు కూర్చోగల చోట్లు మూడు, అందుకే మూడు. యమాతారాజభానసలగం అని వల్లె వేసే పిల్లవాడికి ఘనపు సూత్రం నోటికి వచ్చే ఉంది. లెక్కల పీరియడులో ఆ మాట అతనికి ఎవరూ చెప్పరు.

గురులఘువులను ఇలా వరసగా విస్తరించి రాయడాన్ని ప్రస్తారం అంటారు. క్రీస్తుకు పూర్వమే పింగళుడు దీనికి సూత్రాలు కట్టాడు. 10వ శతాబ్దంలో హలాయుధుడు వ్యాఖ్యానిస్తూ, ఒక్కో పొడవు పాదంలో ఇన్ని గురువులున్నవి ఎన్ని అనే లెక్కను గళ్ల త్రిభుజంగా పేర్చి చూపాడు. దాని పేరు మేరుప్రస్తారం. పై గళ్లు రెండింటినీ కూడితే కింది గడి వస్తుంది. అందులో మూడక్షరాల వరసలోనే 1, 3, 3, 1 ఉంది. తెలుగులో తొలి ఛందోగ్రంథంగా చెప్పే కవిజనాశ్రయానికి వేములవాడతో సంబంధం ఉంది. దాని కర్త మల్లియ రేచనేనా అన్న వాదం ఉన్నా, రాష్ట్రకూట సామంతులైన చాళుక్యుల రాజధాని వేములవాడ జైన విద్యకు, దేశి ఛందస్సులకు ఒకేసారి ఆలవాలమైందన్నది ముఖ్యం. మహావీరుడి లెక్క, కవుల గణాలు ఒకే విద్వల్లోకంలో మసిలాయి.

ప్రస్తారం ఎంత దూరం పోగలదో ఉత్పలమాల చూపిస్తుంది. దాని పాదానికి ఇరవై అక్షరాలు. భ, ర, న, భ, భ, ర గణాలు, చివర వగణం. ఇరవై అక్షరాల పాదాలు మొత్తం 1048576 రకాలు. ప్రస్తారంలో ఎన్నోది అని లాక్షణికులు అడుగుతారు. లఘువున్న ప్రతి స్థానానికీ 1, 2, 4, 8 వరసలో దాని విలువ కూడి ఒకటి కలిపితే ఉత్పలమాల 355799వ వృత్తమని తేలుతుంది. కంప్యూటరు నేటికీ సంఖ్యలను నిలవచేసేది ఈ రెట్టింపు వరసతోనే. ఉత్పలమాల పాదంలో ఎనిమిది గురువులు, పన్నెండు లఘువులు. అదే లెక్కలో గురువులున్న ఇరవై అక్షరాల పాదాలు 125970 ఉన్నాయి. (గ + ల)ను ఇరవైసార్లు గుణిస్తే గ⁸ల¹² ముందు నిలిచే గుణకం అదే.

మహావీరుడు దీన్నే రుచులకు వర్తింపజేశాడు. ఆరు రుచుల్లో కొన్నిటిని ఏరి కలిపితే ఎన్ని రకాలు వస్తాయని అడిగాడు. ఒక్కటే అయితే 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, అయిదేసి 6, ఆరూ కలిస్తే 1, మొత్తం 63. ఉగాది పచ్చడి వాటిలో ఆ చివరి ఒకటి.

బయటి ప్రపంచంలో ఇదే త్రిభుజం 1000 ప్రాంతంలో బాగ్దాదు గణితజ్ఞుడు అల్ కరజీ దగ్గర, 1261లో చైనాలో యాంగ్ హుయి పుస్తకంలో కనిపిస్తుంది. ఇటలీలో కార్డానో 1545లో ఘన సమీకరణాలు సాధించింది ఘనాన్ని ముక్కలుగా కోసి చూసే పద్ధతితోనే. పాస్కల్ రచన 1665లో వెలువడింది. దాదాపు ఆ రోజుల్లోనే న్యూటన్ ఘాతం పూర్ణాంకం కాకపోయినా విస్తరణ సాగుతుందని చూపించాడు.

మళ్లీ మణికొండ వైపు వస్తే, హైదరాబాదు ప్రాంతంలో ఘనం లెక్క అవసరమైన పనుల్లో చెరువుల తవ్వకం ఒకటి. మణికొండ జాగీరు పరిసరాల్లో హజ్రత్ హుసేన్ షావలీ దర్గా ఉంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా హుసేన్ సాగర్‌ను ఆయన పర్యవేక్షణలోనే తవ్వించాడని చెబుతారు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను ఆయనే. పైన వెడల్పు, అడుగున ఇరుకు ఉన్న తవ్వకంలో మట్టి ఎంతో కట్టడం సులువు కాదు. పై భుజం 15, అడుగు భుజం 10, లోతు 6 ఉన్న చతురస్రపు గుంతకు సగటు భుజంతో కడితే 937.5 వస్తుంది, సగటు వైశాల్యంతో కడితే 975 వస్తుంది. ఒకటి కూలివాళ్లకు నష్టం, ఇంకొకటి కూలి ఇచ్చేవాడికి నష్టం. రెండింటి తేడాలో మూడో వంతును చిన్నదానికి కలపమన్నాడు బ్రహ్మగుప్తుడు. 950 వస్తుంది, అదే సరైన జవాబు. మహావీరుడు కూడా తవ్వకాల అధ్యాయంలో ఇదే దారి చూపాడు. ఆ 950కి మూలం 15 ఘనంలోంచి 10 ఘనం తీస్తే మిగిలే 2375లో, అంటే పలకలు, కడ్డీలు, మూల ముక్క కలిపిన మొత్తంలో ఉంది. దాన్ని భుజాల తేడా 5తో భాగించి, లోతులో మూడో వంతు 2తో గుణిస్తే సరి.

నిజాం పాలనలో ఈ ప్రాంతపు పిల్లలకు ఉన్నత పాఠశాలలో బీజగణితం ఉర్దూలో అందేది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా గణిత గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వాటితోనే పాఠాలు మొదలుపెట్టింది. ఒక భారతీయ భాషలో ఉన్నత గణితం బోధించవచ్చని రుజువు చేసిన గొప్ప ప్రయత్నమది. తెలుగులో అలాంటి పని 1968లో తెలుగు అకాడమీ వచ్చాకే పద్ధతిగా సాగింది. ద్విపద సిద్ధాంతం, ప్రస్తారాలు, సంయోగాలు వంటి మాటలతో ఇంటర్మీడియట్ పుస్తకాలు స్థిరపడ్డాయి.

1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. జాగీరు ఊరుగా ఉన్న మణికొండ ఆ తర్వాత ఇరవై ఏళ్లలో అపార్ట్‌మెంట్ల పట్టణమై, 2018లో మున్సిపాలిటీ అయింది. ఈ ఐటీ కారిడార్లో ద్విపది ఘనం పనిచేసే చోట్లు చాలా ఉన్నా, వాటిలో తెలుగువారికి అన్నిటికన్నా దగ్గరిది తెలుగు అక్షరమే. ఫాంటు గీసేవాళ్లు అక్షరపు వంపును నాలుగు బిందువులతో నిర్ణయిస్తారు. రెండు బిందువులు వంపు కొనల దగ్గర ఉంటాయి, మిగతా రెండు వంపును తమ వైపు లాగుతాయి. ఫ్రాన్సులో కార్ల ఒంపుల కోసం సిట్రోయెన్‌లో ద కాస్తెల్జో, రెనోలో బెజియే విడివిడిగా రూపొందించిన పద్ధతి ఇది. వంపు మీద ఎంత దూరం వచ్చామో చెప్పే భిన్నాన్ని క అనుకుంటే, నాలుగు బిందువులకూ దక్కే బరువులు (1 − క)³, 3(1 − క)²క, 3(1 − క)క², క³. (1 − క), క అనే రెండు పదాల ద్విపదిని ఘనం చేస్తే వచ్చే నాలుగు పదాలు ఇవే. ఆ ద్విపది మొత్తం 1 కాబట్టి నాలుగు బరువులూ కలిస్తే ఎప్పుడూ ఒకటే. వంపు సరిగ్గా మధ్యలో అవి ఎనిమిదింట ఒక వంతు, మూడు వంతులు, మూడు వంతులు, ఒక వంతు. నిలువు, అడ్డు గీతలు తక్కువై అన్నీ వంపులే అయిన లిపికి ఈ పద్ధతి ఎంతో అవసరం. ఠ, ళ, క్ష వంటి అక్షరాలను గీయడానికి ఇలాంటి వంపులు ఎన్నో అతకాలి.

తెలంగాణలో 2018 చట్టం ప్రకారం అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. అందువల్ల మణికొండలోని ఇంగ్లీషు మీడియం బడుల్లోనూ తెలుగు పంతులూ లెక్కల పంతులూ ఒకే తరగతికి వెళ్తున్నారు. ఎనిమిది గణాలను బోర్డు మీద రాసి, గురువుల సంఖ్య ప్రకారం నాలుగు గుంపులు చెయ్యడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు ఇద్దరిలో ఎవరైనా కేటాయించాలి.